క్రెటాలో ఆటో హోల్డ్: సిగ్నల్ దగ్గర వరం, పాకే ట్రాఫిక్‌లో కాదు

హైదరాబాదులో, ముఖ్యంగా అమీర్‌పేట నుంచి పంజాగుట్ట మీదుగా సాగే రద్దీలో, హ్యుందాయ్ క్రెటా ఆటోమేటిక్ నడిపేవారికి ఆ కారులో నిత్యం పనికొచ్చేది సన్‌రూఫ్ కాదు, ఆగిన కారును బ్రేకు మీంచి కాలు తీసినా కదలకుండా పట్టి ఉంచే ఆటో హోల్డ్ అనే చిన్న బటన్ అని నా అభిప్రాయం. ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ (లివర్ బదులు బటన్‌తో పడే హ్యాండ్‌బ్రేకు) ఉన్న ఖరీదైన వేరియంట్లలోనే ఇది వస్తుంది కనుక బుకింగ్‌కు ముందే సరిచూసుకోవాలి.

తలుపులు మూసి, సీటు బెల్టు పెట్టుకుని బటన్ నొక్కితే మీటరులో తెల్లని సూచిక వెలుగుతుంది. బ్రేకు తొక్కి కారును పూర్తిగా ఆపగానే అది ఆకుపచ్చగా మారుతుంది. అప్పటినుంచి పెడల్ మీద కాలు ఉంచనక్కరలేదు. ఆగిన ప్రతిసారీ హ్యాండ్‌బ్రేకు పడుతుందని చాలామంది అనుకుంటారు గాని, జరిగేది అది కాదు. కారు జారకుండా కాపాడే ఈఎస్‌సీ వ్యవస్థలోని వాల్వులు మూసుకుని, మన కాలు పుట్టించిన బ్రేకు ఆయిల్ ఒత్తిడిని పైపులలోనే నిలిపి ఉంచుతాయి. యాక్సిలరేటర్ తాకగానే ఆ వాల్వులు తెరుచుకుని చక్రాలు విడుదలవుతాయి. దాదాపు 10 నిమిషాలకు మించి ఆగినా, డ్రైవర్ తలుపు తెరిచినా మాత్రం పని పార్కింగ్ బ్రేకుకు అప్పగిస్తుంది. అయినా దాన్ని నమ్ముకుని కారు దిగిపోకూడదు. గేరు ‘పీ’లో వేసి, పార్కింగ్ బ్రేకు పడిందని చూసుకున్నాకే దిగాలి.

సిగ్నళ్ల దగ్గర దీనికి సాటి లేదు. రెండు నిమిషాల ఎర్ర దీపం దగ్గర పిక్కలు లాగవు, వెనుక బ్రేకు దీపాలు వెలుగుతూనే ఉంటాయి. ఫ్లైఓవర్ ఎక్కే వాలులో ఆగవలసి వచ్చినా బండి వెనక్కి జారదు. వాలులో బండి కదిలేటప్పుడు వెనక్కి జారకుండా చూసే హిల్ అసిస్ట్ కొద్ది సెకన్లే పట్టి ఉంచి వదిలేస్తుంది. ఇది అలా వదలదు.

అంగుళం అంగుళం పాకే ట్రాఫిక్‌లో మాత్రం నాకు ఇది నచ్చలేదు. ఆటోమేటిక్ కారులో బ్రేకు వదిలితే బండి తనంతట తాను మెల్లగా కదులుతుంది. రద్దీలో డ్రైవరుకు అసలైన ఆసరా అదే. ఆటో హోల్డ్ ఆ కదలికను ఆపేస్తుంది కాబట్టి రెండు గజాలు జరగాలన్నా యాక్సిలరేటర్ తాకాల్సిందే. పాదం కొంచెం బరువుగా పడితే కారు చిన్న కుదుపుతో ముందుకు దూకుతుంది, సరిగ్గా ఆ సందులోకే ఓ ద్విచక్రవాహనం దూరివస్తుంది. మన ఊళ్లో అది దూరకుండా ఉండదు కదా! అందుకే వాహనాలు పూర్తిగా ఆగిన చోట ఆన్ చేసి, బారు పాకడం మొదలవగానే ఆఫ్ చేయడం మేలు. ఆఫ్ చేసేటప్పుడు బ్రేకు తొక్కి ఉంచడం మరువకూడదు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో స్తంభాల మధ్య రివర్స్ చేసేటప్పుడు, కారును తానే ముందుకు లాగే ఆటోమేటిక్ వాష్‌లోకి వెళ్లేటప్పుడు కూడా దీన్ని ఆపి ఉంచాలి.

ఇక ఖర్చు సంగతి. ఆఫీసు దారిలో పెద్ద సిగ్నళ్లు వరుసగా ఉన్నవారు దీనికోసం పై వేరియంట్‌కు వెళ్లినా తప్పులేదు. ఎక్కువగా విజయవాడ హైవే మీదే తిరిగేవారికి టోల్‌గేట్ దగ్గర తప్ప ఇది అక్కరకు రాదు; ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు.