బ్లాక్ బేర్ వేటకి ఏ బ్రాడ్‌హెడ్ కొనాలి? బావ డబ్బులతో నా రివ్యూ

బ్రాడ్‌హెడ్ అంటే వేట బాణానికి ముందు బిగించే బ్లేడ్ల మొన. ముందే చెప్పేస్తున్నా, ఇది మన దేశంలో వాడుకోడానికి కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇక్కడ వేటంటే నేరమే, ఉద్దానం జీడితోటల్లో తిరిగే మన ఎలుగుబంటయితే షెడ్యూల్ 1లో ఉంది, దాని జోలికెళ్తే జైలే. అమెరికాలో లైసెన్స్ తీసుకుని బేర్ సీజన్‌కి వెళ్ళే మనోళ్ళు ఉన్నారు కదా, వాళ్ళ కోసం రాస్తున్నా. మా బావది గోపాలపట్నం, ఇప్పుడుండేది మిన్నెసోటా, అక్కడ సెప్టెంబర్ మొదట్లో సీజన్ తెరుస్తారు. నేను వైజాగ్‌లో కాంపౌండ్ బౌ (కప్పీలున్న విల్లు)తో టార్గెట్ కొడతాను తప్ప జంతువు మీద బాణం వేసిందే లేదు, అయినా అక్కావాళ్ళింటికి వెళ్ళినప్పుడు "ఒరేయ్, బాణాల సంగతి నీకు తెలుసు కదా, ఏది కొనాలో నువ్వే తేల్చు, డబ్బులు నేనిస్తా" అని నా మీద పడేసాడు. సరే అని మూడు రకాలు తెప్పించి పెరట్లో ఫోమ్ బ్లాక్ మీద వేసి చూసాం.

బేర్‌తో వచ్చే చిక్కేటంటే, చలికాలం నిద్రకి ముందు అది తెగ తినేసి కొవ్వు పట్టిస్తుంది, పైన ఒత్తుగా బొచ్చు. బాణం దిగిన చోట కొవ్వు అడ్డం పడి కంత మూసుకుపోతుంది, బయటికొచ్చిన కాస్త రక్తాన్ని బొచ్చు పీల్చేసుకుంటుంది, నేల మీద జాడ దొరకదు. జింకకయితే జాడ పట్టుకుని పోవచ్చు, దీనికి అడవిలో చీకటి పడ్డాక టార్చి పట్టుకుని తిరగాలి. పైగా చెట్టు మీద స్టాండ్ కట్టుకుని కూర్చుంటారు కాబట్టి బాణం పైనుంచి కిందకి దిగుతుంది, దిగిన కంత ఒంట్లో ఎత్తు మీద ఉంటుంది, కింద వైపు ఇంకో కంత పడితేనే రక్తం నేల మీదకి కారుతుంది. అంటే బాణం అటు వైపు నుంచి బయటికి రావాలి, రెండు కంతలు పడాలి. నేను బ్రాడ్‌హెడ్ చూసిందంతా ఈ ఒక్క లెక్కలోనే.

ఇప్పుడు మెకానికల్ బ్రాడ్‌హెడ్ సంగతి. గాల్లో బ్లేడ్లు ముడుచుకుని ఉండి తగలగానే విచ్చుకుంటాయి, రేజ్ హైపోడెర్మిక్ లాంటివి 2 అంగుళాల దాకా కోస్తాయి, పెద్ద కంత పడితే కొవ్వు అంత తేలిగ్గా మూసెయ్యదు కదా అని బావ మొదట్నుంచీ దాని మీదే మోజు పడ్డాడు. మాటలో తప్పేం లేదు. కాకపోతే బ్లేడ్లు విచ్చుకోడానికి కొంత బలం పోతుంది, అంత వెడల్పున కొయ్యడానికి ఇంకాస్త పోతుంది, ఏటవాలుగా తగిలినా భుజం ఎముక తగిలినా బాణం లోపలే ఆగిపోయే అవకాశం ఎక్కువ. మెకానికల్‌కి ఉన్న అసలు సుగుణం, మామూలు ఫీల్డ్ పాయింట్ (బ్లేడ్లు లేని ప్రాక్టీస్ మొన) లాగే తిన్నగా పోవడం, అది 40, 50 గజాల్లో పనికొచ్చే సుగుణం. బెయిట్ (ఎర) పెట్టి కాసేవాళ్ళు వేసేది ఎంత దూరం అండీ, 15, 20 గజాలు. ఆ దూరంలో మనకి అక్కర్లేని సుగుణం కోసం కావాల్సిన బలం ఎందుకు వదులుకోవాలి? 70 పౌండ్ల బౌ (తాడు లాగడానికి పట్టే బలం అది), బరువైన బాణం ఉన్నోళ్ళు వాడుకోవచ్చు, నేను కాదనను. మా బావది 60 పౌండ్లు.

బాణం బలానికి లెక్క కావాలంటే దాని బరువు గ్రెయిన్లలో (బాణాల బరువు కొలత ఇది), వేగం సెకనుకి అడుగుల్లో తీసుకుని, వేగాన్ని వేగంతో గుణించి బరువుతో గుణించి 450240తో భాగించండి. 400 గ్రెయిన్ల బాణం 270 అడుగుల వేగంతో పోతే దాదాపు 65 ఫుట్ పౌండ్లు. బాణాలు చేసే ఈస్టన్ వాళ్ళ చార్టులో బ్లాక్ బేర్, ఎల్క్ లాంటి వాటికి 42 నుంచి 65 అని ఉంటుంది. 60 పౌండ్ల బౌ ఈ మధ్యలో ఎక్కడో పడుతుంది, చాలదని కాదు గానీ వృథా చేసుకునేంత మిగులూ లేదు.

నాకు నచ్చింది మ్యాగ్నస్ స్టింగర్. రెండు పెద్ద బ్లేడ్లు, మొన దగ్గర్నుంచే కోసుకుంటూ పోతాయి, మధ్యలో రెండు చిన్న బ్లీడర్ బ్లేడ్లు (కంతని ఇంకాస్త కోసేవి), కావాలంటే అవి తీసేసి కూడా వాడొచ్చు. తక్కువ బలంతో లోతుగా దిగే షేపు ఇది, కంపెనీ లైఫ్‌టైమ్ గ్యారంటీ కూడా ఇస్తుంది. జీ5 మోంటెక్ ఇంకో రకం, మూడు బ్లేడ్లూ ఒకే స్టీలు ముక్క, ఊడిపోయే స్క్రూ ఏదీ లేదు, సాన రాయి మీద పరుచుకున్నట్టు పెట్టి రుద్దితే ఒకేసారి రెండు అంచులు పదునెక్కుతాయి. ఆ ఒక్క విషయంలో దానికి నా దండం. స్టింగర్‌కి 5కి 4.5 ఇస్తా, మోంటెక్‌కి 4, వెడల్పాటి మెకానికల్‌కి బావ బౌ మీదయితే 2.5. ఈ రెండు ఫిక్స్‌డ్‌వీ (బ్లేడ్లు ముడుచుకోనివి) మూడింటి ప్యాక్ 40 డాలర్ల చుట్టుపక్కలే. ఐరన్ విల్ లాంటివి 100 దాటేస్తాయి, ఉక్కు గొప్పదే గానీ మొదటి సీజన్‌కి అంత పొయ్యక్కర్లేదు.

కంపెనీ పేరు కంటే పదును ముఖ్యం, ఇది మాత్రం రాసి పెట్టుకోండి. ఫిషింగ్ హార్బర్‌లో కత్తిపీట మీద వంజరం కోయించుకున్నోళ్ళకి తెలుసు, పదునున్న పీట మీద ముక్క జారినట్టు తెగుతుంది, మొద్దు పీట మీద చేప నలిగిపోతుంది. బొచ్చూ కొవ్వూ ఉన్న ఒళ్ళు మొద్దు బ్లేడుకి అలాగే నలుగుతుంది, నరం తెగకుండా పక్కకి జరుగుతుంది. రబ్బర్ బ్యాండ్ కొంచెం సాగదీసి బ్లేడు మీద ఆనించండి, టక్కున తెగకపోతే సాన పట్టాల్సిందే. ప్యాక్‌లోంచి అప్పుడే తీసిందైనా సరే.

ఫిక్స్‌డ్ బ్రాడ్‌హెడ్‌తో ఉన్న తలనొప్పి ట్యూనింగు. బ్లేడ్లకి గాలి పట్టేసి, ముందు రెక్కలు వెనక ఈకలతో పోట్లాడతాయి, బౌ ఏ కాస్త తేడాగా ఉన్నా బాణం పక్కకి పోతుంది. మొదటి రోజు సాయంత్రం ఫీల్డ్ పాయింట్లన్నీ ఒక చోట, బ్రాడ్‌హెడ్లు ఎడమకి జానెడు దూరంలో. బావ మొహం చూడాలి. "చూసావా బామ్మర్దీ, అందుకే మెకానికల్ అన్నాను" అని మొదలెట్టాడు. నేను రెస్ట్‌ని (బౌ మీద బాణం ఆనే భాగం) కొద్దికొద్దిగా కుడికి, అంటే ఫీల్డ్ పాయింట్లు పడ్డ వైపుకి జరిపి, బాణం తిప్పి మొన ఊగుతోందా లేదా చూసి, ఊగేవి పక్కన పడేసి, చీకటి పడేలోపు రెండూ ఒక చోట పడేట్టు చేసాను, ఆయన ఇంక నోరెత్తలేదు. 100 గ్రెయిన్లా 125 గ్రెయిన్లా అంటే బేర్‌కి 125 అంటాను, ముందు బరువు పెరిగితే బాణం లోపలికి తోసుకుపోతుంది, 20 గజాల్లో వేగం తగ్గినా తేడా తెలీదు. కానీ ముందు బరువు మారితే బాణం వంగే తీరు మారుతుంది, షాఫ్ట్ స్పైన్ (బాణం కర్ర గట్టిదనం) సరిపోతుందో లేదో చార్టులో చూసుకోండి.

ఎక్కడ కొట్టాలనేది బ్రాడ్‌హెడ్ రివ్యూలో రాయకూడదేమో గానీ రాస్తా. బేర్ పక్కకి తిరిగి ఉండాలి, లేదా కొంచెం అవతలకి తిరిగి ఉండాలి, ఇటు వైపు ముందుకాలు ముందుకెయ్యాలి, అప్పుడు కాలు వెనక, ఒంటి ఎత్తులో నడిమికి దగ్గరగా. భుజం ఎముక మీద ఏ 50 డాలర్ల ముక్కా అద్భుతాలు చెయ్యదు. అది ఎదురుగా చూస్తుంటే వెయ్యొద్దు, ఆగండి.

వైజాగ్‌లో ఇవి కొందామని వెతక్కండి, కొన్నా మన రేంజ్‌లో వెయ్యనివ్వరు, బట్‌లు (టార్గెట్ దిమ్మలు) చీరేస్తాయని. అక్కడికెళ్ళినోళ్ళు అక్కడే కొనుక్కుని, ప్యాక్‌లో ఒకటి ప్రాక్టీస్‌కని గుర్తు పెట్టి మిగతా రెండూ పదును చెడకుండా క్వివర్‌లో (అమ్ములపొదిలో) ఉంచుకోండి. వాళ్ళ స్టేట్ రూల్స్‌లో బ్లేడు వెడల్పు కనీసం ఎంతుండాలి, మెకానికల్ ఒప్పుకుంటారా అనేది లైసెన్స్ తీసుకునే రోజే చదువుకోండి, స్టేట్‌కి స్టేట్‌కి మారుతుంది. బావయితే స్టింగర్ 125 ఇంకో ప్యాక్ ఆర్డర్ పెట్టేసాడు, ఆ మెకానికల్ ప్యాక్ మాత్రం ఎవరికీ ఇవ్వనంటున్నాడు.