క్రూసేడర్ కింగ్స్ 3 సమీక్ష: అన్నదమ్ముల వాటాలు, మతం, యుద్ధం

మధ్యయుగంలో రాజ్యమంటే చాలావరకు కుటుంబ ఆస్తి. రాజు కన్నుమూస్తే ఎవరికి ఏ కోట, ఎవరికి ఏ సీమ అన్నదే ఆనాటి రాజకీయాలకు మూలం. స్వీడన్‌కు చెందిన పారడాక్స్ సంస్థ 2020లో విడుదల చేసిన ఈ కంప్యూటర్ ఆట ఆ కిటుకును చక్కగా పట్టుకుంది. ఇందులో మీ చేతికిచ్చేది ఒక వంశాన్ని. రాజు పోతే అతని వారసుడి పాత్రలోకి వెళ్తారు. వారసులు మిగిలినంతకాలం, 1453 దాకా ఆట సాగుతుంది.

ఆటను 867 సంవత్సరం నుంచి మొదలుపెట్టి ఫ్రాంకుల రాజ్యాలను చూడండి. 843లో వెర్డన్ ఒప్పందంతో ఫ్రాంకుల చక్రవర్తి షార్లమేన్ మనవలు ముగ్గురూ సామ్రాజ్యాన్ని పంచుకున్నారు. 867 నాటికి పశ్చిమాన చార్లెస్, తూర్పున లూయీ, వాటి మధ్య ఉన్న లొథరింజియాలో లొథైర్, ఇటలీలో ఇంకో లూయీ కనిపిస్తారు. అంతా ఒకే ఇంటివాళ్లు, ఎవరి కన్ను పక్కవాడి వాటా మీదే. 1066లో మొదలుపెట్టినా స్పెయిన్‌లో ఇదే కథ. అంతకు ముందు ఏడే రాజు ఫెర్డినాండ్ చనిపోయి, అతని ముగ్గురు కొడుకుల్లో కాస్టీల్ సాంచోకి, లియోన్ అల్ఫోన్సోకి, గలీషియా గార్సియాకి వచ్చాయి. చరిత్రలో 1072లో సాంచో హత్య జరిగాక అల్ఫోన్సో మొత్తం కలిపేసుకున్నాడు. ఆటలో అది మీ చేతిలో ఉంటుంది.

కొత్తవాళ్లు బోల్తాపడేది ఈ పంపకాల దగ్గరే. మొదట్లో ఉండే వారసత్వ చట్టం ప్రకారం ఉన్న బిరుదులు (అంటే ఒక్కో సీమ, రాజ్యం మీద అధికారం) పిల్లల మధ్య పంచుకుపోతాయి. అంతటితో ఆగదు. మీకు ఒక రాజ్యం ఉండి, ఇంకా ఎవరూ స్థాపించని పక్క రాజ్యపు నేల సగానికి మించి మీ చేతిలో ఉంటే, మీరు పోయిన రోజున ఆ రెండో రాజ్యం దానంతటదే పుట్టి రెండో కొడుక్కి వెళ్తుంది, వాడు స్వతంత్రుడైపోతాడు. ముప్పై ఏళ్లు యుద్ధాలు చేసి కలిపిన భూమి ఒక్క చావుతో విడిపోయేది ఇందుకే. విరుగుడు మూడు రకాలు. సామ్రాట్టు బిరుదు తెచ్చుకుంటే తమ్ముళ్లు రాజులైనా మీ పెద్దకొడుకు కిందే ఉంటారు. అది అందనప్పుడు పక్క రాజ్యపు నేల సగానికి మించి మీ చేతిలో లేకుండా చూసుకోవాలి. వంశ పెద్ద మీరే అయితే వంశ ప్రతిష్ఠ ఖర్చుపెట్టి ఒక కొడుకుని వారసత్వం నుంచి తప్పించవచ్చు. ఇది ఖరీదైన పని, ఆఖరి అస్త్రంగా ఉంచుకోండి. ఆస్తి మొత్తం పెద్దకొడుక్కే ఇచ్చే చట్టం రావాలంటే 1200 తర్వాతి యుగపు ఆవిష్కరణ కావాలి. అంటే 867లో మొదలుపెట్టినవాళ్లు మూడు శతాబ్దాలకు పైగా పంపకాలతో కాపురం చేయాల్సిందే. ఈ పరిమితిని కొందరు విసుక్కుంటారు గానీ, మధ్యయుగపు ఐరోపా ఎందుకు అన్ని ముక్కలైందో ఇంతకంటే బాగా అర్థమయ్యే మార్గం ఇంకోటి లేదనిపిస్తుంది.

పెళ్లిళ్ల బలం కూడా నిజమైనదే. భారత ఉపఖండం పటంలో ఉంది కాబట్టి ఒక ఉదాహరణ: వేంగి చాళుక్యుల ఇంట పుట్టి, తల్లి తరఫున రాజేంద్ర చోళుడి మనవడైన కులోత్తుంగుడు 1070లో చోళ సింహాసనం ఎక్కాడు. ఆటలోనూ తల్లి హక్కు పిల్లలకు దక్కుతుంది. కోడలిని తెచ్చుకునేటప్పుడు కట్నం సంగతి పక్కనపెట్టి ఆమెకు ఏ సింహాసనం మీద హక్కుందో ముందు చూడండి.

మతం విషయంలో ఆట లోతు మెచ్చుకోదగ్గది. ప్రతి విశ్వాసానికీ మూడు మూల సూత్రాలు, వాటితోపాటు పెళ్లి, స్త్రీ అధికారం, నేరాలు, పూజారి వర్గం గురించి నియమాలు ఉంటాయి. పూజారి వర్గాన్ని ఎవరు నియమిస్తారు, మతానికి అధిపతి ఉన్నాడా అన్న తేడాల వల్లే రాజు బలం మారిపోతుంది. పోప్‌తో సఖ్యంగా ఉంటే డబ్బు అడగవచ్చు, చెడితే వెలి తప్పదు. 988లో కీవ్ రాజు వ్లదిమిర్ క్రైస్తవం తీసుకుని బైజాంటియన్ చక్రవర్తి చెల్లెలు అన్నాను పెళ్లాడాడు. మతం మారడం రాజకీయంగా ఎంత లాభమో ఆటలోనూ అలాగే తెలుస్తుంది: పొరుగువాడికి మీ మీద మతయుద్ధం చేసే సాకు పోతుంది, సంబంధాలు కలుస్తాయి. అయితే రాజు మారినంత మాత్రాన సామంతులు మారరు. ముందు బలమైన సామంతులను ఒక్కొక్కరిగా ఒప్పించి, ఆస్థాన పురోహితుణ్ణి రాజధాని సీమలో మతమార్పిడి పనికి పెట్టి, ఆ తర్వాతే మిగతా సీమల జోలికి వెళ్లండి. ఒక్కో సీమకు ఏళ్లు పడుతుంది. తొందరపడితే ప్రజల తిరుగుబాటు, సామంతుల కూటమి రెండూ ఒకేసారి మీద పడతాయి.

యుద్ధానికి కారణం చూపక తప్పదు: హక్కు, ధర్మబద్ధంగా మీ రాజ్యానికి చెందిన నేల, లేదా మతం. సేనల్లో ఒకదానికొకటి విరుగుడు: బల్లెగాళ్లు గుర్రాలకు, తేలికపాటి అశ్వికులు విలుకాళ్లకు, బరువు కవచాల పదాతి బల్లెగాళ్లకు. మామూలు రైతు సైనికుల సంఖ్య చూసి ధైర్యపడకండి. శిక్షణ పొందిన దళాలు, సేనాని, నేల వాలు కలిస్తే సగం సంఖ్యతోనూ గెలుస్తారు. సైన్యం మొత్తాన్ని ఒకేచోట కుప్పపోస్తే ఆ సీమ తిండి పెట్టలేదు. సరుకు అయిపోయాక శత్రువు లేకుండానే సైనికులు రాలిపోతారు. అందుకే విడివిడిగా నడిపించి పోరాటానికి ముందు కలపాలి.

ఈ పాఠాలన్నీ ఒకేచోట నేర్చుకోవాలంటే 1066 సెప్టెంబరులో ఇంగ్లండ్ రాజు హెరాల్డ్‌గా ఆడండి. నార్వే రాజు ఒకవైపు, నార్మండీ విలియం ఇంకోవైపు దిగుతారు. చరిత్రలో హెరాల్డ్ సెప్టెంబరు 25న స్టాంఫర్డ్ బ్రిడ్జ్‌లో నార్వే సేనను ఓడించి, దక్షిణానికి పరిగెత్తి, అక్టోబరు 14న హేస్టింగ్స్‌లో విలియం చేతిలో కూలాడు. ఆటలో ఓడ దిగిన సేన కొన్నాళ్లు బలహీనంగా ఉంటుంది. తీరం దగ్గరే కాచుకుని ఒకరి తర్వాత ఒకరిని కొడితేనే బతుకుతారు.

యుద్ధం ముగిశాక పాలకవర్గం తారుమారు కావడాన్ని ఆట బాగానే చూపిస్తుంది. గెలిచిన సీమలో రాజు పట్టు అడుగంటుతుంది, పన్ను చేతికి రాదు. ముందు దండనాయకుణ్ణి అక్కడ పట్టు పెంచే పనికి పంపాలి. కానీ కింది జనం దగ్గరికి వచ్చేసరికి నిరాశే. 1069–70 చలికాలంలో విలియం ఉత్తర ఇంగ్లండ్‌ను తగలబెట్టాడు. 1086 నాటి భూముల లెక్కల్లో కూడా యార్క్‌షైర్ ఊళ్లు చాలావాటిని బీడుగానే రాశారు. ఆ విధ్వంసాన్ని చూపే సాధనమే ఆటలో లేదు, ఎందుకంటే ఇందులో జనాభా లెక్క అనేదే లేదు. సీమ అభివృద్ధిని తెలిపే ఒక్క అంకెతో సరిపెట్టారు. ఆలయమూ అంతే: పన్ను, సైనికుల లెక్కతో ఒక కట్టడం. భూములు, పశువులు దానంగా పుచ్చుకుని, ఆ ఆదాయంతో అఖండ దీపం నుంచి చెరువు మరమ్మతు దాకా నడిపిన దక్షిణాది ఆలయం ఇక్కడ కనిపించదు. పాలకుల చరిత్రకు ఈ ఆట గట్టి సాధనం, సమాజ చరిత్రకు సగమే.

ఇంకో లోపం సమతూకానిది. తొలి వందేళ్లు దాటాక దళాలు పోగుచేసిన ఆటగాడికి ఎదురుండదు. తెలుగులో ఆట లేదు, చదవాల్సిన పాఠం బోలెడు. పదం మీద మౌస్ పెడితే వివరణ, ఆ వివరణలోని పదం మీద పెడితే ఇంకో వివరణ వస్తాయి. ఇంగ్లిష్ చదవడానికి ఓపిక ఉంటే ఇదే మంచి గురువు. అదనపు ప్యాకేజీలు ముందే కొనకండి. మూల ఆటలో ఒక వంశాన్ని మూడు తరాలు నడిపాక, బైజాంటియన్ పాలన మీద ఆసక్తి ఉంటే రోడ్స్ టు పవర్‌తో మొదలుపెట్టండి. అప్పటిదాకా ఐర్లాండ్‌లో సాగే శిక్షణ పాఠాన్ని పూర్తిచేసి, అదే చిన్న రాజుతో ద్వీపం మొత్తం కలపడానికి ప్రయత్నించండి. అక్కడ శత్రువులు చిన్నవాళ్లు, వారసత్వపు చిక్కులు మాత్రం పెద్ద రాజ్యాల్లో ఉన్నవే.