సెయింట్ మేరీస్ కాలేజ్ ఆఫ్ మేరీల్యాండ్: ఇద్దరు పిల్లలను చదివించిన తల్లి సమీక్ష

మేరీల్యాండ్‌లోని తెలుగు కుటుంబాలలో పిల్లల పై చదువుల ప్రస్తావన వస్తే, మాట కాలేజ్ పార్క్ (యూనివర్సిటీ ఆఫ్ మేరీల్యాండ్ ప్రధాన క్యాంపస్), యూఎంబీసీ (అదే విశ్వవిద్యాలయపు బాల్టిమోర్ కౌంటీ శాఖ), జాన్స్ హాప్‌కిన్స్ అనే మూడు పేర్లు దాటి ముందుకు పోవడం అరుదు. అదే రాష్ట్రపు దక్షిణ కొసన, సెయింట్ మేరీస్ నది ఒడ్డున, సుమారు 1,600 మంది విద్యార్థులతో నడుస్తున్న ప్రభుత్వ లిబరల్ ఆర్ట్స్ (సాహిత్యం, సామాజిక, విజ్ఞాన శాస్త్రాలను కలిపి విస్తృతంగా నేర్పే) కళాశాల ఒకటి ఉన్నదన్న సంగతి మనవాళ్ళలో చాలామందికి తెలియదు. మా అమ్మాయి అక్కడ జీవశాస్త్రం చదివింది. ఆమె పట్టా పుచ్చుకున్నాక మా అబ్బాయి కూడా అక్కడే చేరి ఆర్థికశాస్త్రం పూర్తి చేశాడు. ఇన్నేళ్ళు ఫీజులు కట్టి, డార్ములకు (హాస్టళ్ళకు) సామాన్లు మోసి, వానలోనూ ఎండలోనూ పోటీలు చూసిన తల్లిగా ఈ సమీక్ష రాస్తున్నాను. మెకానికల్, ఎలక్ట్రికల్ వంటి ఇంజనీరింగ్ డిగ్రీ కోరుకునే పిల్లలకు ఇది తగిన చోటు కాదన్న మాట మొదటే చెప్పడం మంచిది, ఎందుకంటే అక్కడ ఆ విభాగాలే లేవు.

ఇది రాష్ట్ర ప్రభుత్వ కళాశాలే అయినా కాలేజ్ పార్క్ లాగా యూనివర్సిటీ సిస్టమ్ ఆఫ్ మేరీల్యాండ్ కిందికి రాదు. నాలుగేళ్ళ డిగ్రీ ఇచ్చే రాష్ట్ర విద్యాసంస్థలలో అలా విడిగా, సొంత పాలక మండలితో నడిచేవి రెండే ఉన్నాయి: ఒకటి ఇది, రెండవది బాల్టిమోర్‌లోని మోర్గాన్ స్టేట్. 1840లో రాష్ట్ర శాసనసభ అనుమతితో ఆడపిల్లల పాఠశాలగా ఏర్పడి, తరువాత రెండేళ్ళ జూనియర్ కళాశాలగా సాగి, 1960ల చివర నాలుగేళ్ళ కళాశాలగా ఎదిగిన ఈ సంస్థను 1992లో శాసనసభ రాష్ట్రపు పబ్లిక్ ఆనర్స్ కాలేజీగా ప్రకటించింది. ప్రైవేటు లిబరల్ ఆర్ట్స్ కళాశాలలు ఏటా అరవై వేల డాలర్లకు పైబడి ట్యూషన్ (బోధన రుసుము) తీసుకుని ఇచ్చే తరహా చదువును ప్రభుత్వ ధరకు అందించడమే ఆ ప్రకటన వెనుక ఉన్న ఆలోచన. రాష్ట్రవాసులకు ట్యూషన్, ఫీజులు కలిపి ఏడాదికి 15,000 డాలర్ల దరిదాపులో ఉంటే, గదికీ భోజనానికీ దాదాపు మరో అంత అవుతుంది. ట్యూషన్ వరకే చూస్తే కాలేజ్ పార్క్ కంటే ఇది కొంత ఎక్కువే. ఆ తేడాకు ఏమి దక్కుతుందన్నదే ఇక్కడ తేల్చుకోవలసిన ప్రశ్న.

దక్కేది ముఖ్యంగా అధ్యాపకుల సమయం. పది మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు అన్న నిష్పత్తి కరపత్రంలో చదివితే మామూలు అంకెలాగే ఉంటుంది గాని, దాని అసలు అర్థం మొదటి సెమిస్టర్ వ్యాసాలు తిరిగి చేతికి వచ్చినప్పుడు బోధపడుతుంది. మా అమ్మాయి మొదటి సంవత్సరం రాసిన ఒక వ్యాసం నేను చూశాను. మార్జిన్ నిండా పెన్సిల్ రాతలున్నాయి. ఒక పేరాకు ఎదురుగా, ఈ వాదనకు ఆధారం మూడవ పేజీలో ఉంది, అక్కడినుంచి ఇక్కడికి తెచ్చుకో అని ఉంది. వందల మంది కూర్చునే హాలులో పాఠం విని, దిద్దడం టీచింగ్ అసిస్టెంట్లకు వదిలేసే పెద్ద విశ్వవిద్యాలయాలలో, మొదటి ఏడాదిలోనే ఇటువంటి శ్రద్ధ దొరకడం కష్టం. ఇక్కడ డాక్టరేట్ విద్యార్థులు లేరు కనుక పాఠం చెప్పేదీ, ప్రయోగశాలలో పక్కన నిలబడేదీ, సిఫారసు ఉత్తరం రాసేదీ ప్రొఫెసరే. క్లాసుకు రాకపోతే ఎందుకు రాలేదని అడుగుతారు. ఇంటర్ కాలేజీల గద్దింపును తప్పించుకుని ఊపిరి పీల్చుకోవాలనుకునే పిల్లలకు ఇది కాస్త ఇబ్బందిగానే తోచవచ్చు.

కోర్సులు ఎక్కువగా నాలుగు క్రెడిట్లవి. సెమిస్టర్‌కు నాలుగు కోర్సులే కదా అని తేలికగా తీసుకుంటే ఆ నాలుగింటి చదువూ రాతా కలిసి మీద పడతాయి. చివరి సంవత్సరంలో చాలామంది చేసే సెయింట్ మేరీస్ ప్రాజెక్ట్ ఈ కళాశాల చదువుకు గుండెకాయ వంటిది. ఒక ప్రొఫెసర్ మార్గదర్శకత్వంలో రెండు సెమిస్టర్ల పాటు, ఎనిమిది క్రెడిట్లకు, విద్యార్థి తన సొంత ప్రశ్నను ఎంచుకుని పరిశోధించి, చివరకు అందరి ముందు నిలబడి వివరించాలి.

మా అమ్మాయి ఎంచుకున్నది ఆల్చిప్పలను. చీసపీక్ అఖాతంలో మితిమీరిన వేట వల్లా, ఎంఎస్‌ఎక్స్, డెర్మో అనే రెండు వ్యాధుల వల్లా ఆల్చిప్పల సంఖ్య పూర్వంతో పోలిస్తే అతి స్వల్ప భాగానికి పడిపోయింది. నీటిని వడగట్టి తేటపరిచే జీవి కనుక అది తగ్గితే అఖాతపు నీరే మురికి పడుతుంది. సెయింట్ మేరీస్ నదిలోని నీరు సముద్రపు పోటుపాట్లతో కలిసిన ఉప్పదనపు నీరు కావడం వల్ల వాటిని పెంచి చూడడానికి అనువైన చోటు. పడవల రేవులోని చెక్కవంతెన కింద తాళ్ళతో వేలాడదీసిన తీగ పంజరాలను పైకి లాగి, ఒక్కొక్క చిప్పనూ బురద కడిగి, కాలిపర్‌తో కొలిచి, పుస్తకంలో రాసుకుని మళ్ళీ నీటిలోకి దింపడం ఆమె పని. నవంబరులో ఒకసారి మేము వెళ్ళినప్పుడు ఆమె వేళ్ళన్నీ చిప్పల అంచులు కోసిన గీతలతో ఉన్నాయి. పక్కన రబ్బరు బూట్లు వేసుకున్న ప్రొఫెసర్ అంకెలు చదువుతుంటే ఈమె రాస్తోంది. ఏప్రిల్‌లో ఆమె ప్రసంగం ముగిశాక, వేరే విభాగం నుంచి వచ్చిన ఒక ప్రొఫెసర్, చనిపోయిన చిప్పలను సగటులో కలిపారా లేదా అని అడిగారు. ఆమె తడుముకోలేదు, కలపలేదనీ, కలిపితే ఫలితం ఎంత మారుతుందో అనుబంధంలో చూపాననీ చెప్పింది. కట్టిన ఫీజులో ఎక్కువ భాగం ఆ జవాబుకే చెల్లిందని నేను లెక్క వేసుకున్నాను.

చరిత్ర, మానవశాస్త్రం మీద ఆసక్తి గల పిల్లలకు ఈ చోటు ఇంకా గొప్పది. 1634లో ఇంగ్లండు నుంచి వచ్చిన వలసదారులు స్థాపించిన సెయింట్ మేరీస్ సిటీ మేరీల్యాండ్ తొలి రాజధాని. 1690లలో రాజధాని అనాపొలిస్‌కు తరలిపోవడంతో ఊరు క్రమంగా పొలాలుగా మారిపోయింది. మీద కొత్త నగరం లేవనందువల్ల పదిహేడవ శతాబ్దపు పునాదులు మట్టి కింద చెక్కుచెదరకుండా మిగిలాయి. ఆ పొలాలలోనే హిస్టారిక్ సెయింట్ మేరీస్ సిటీ అనే ఆరుబయలు మ్యూజియం ఉంది, కళాశాల దానితో కలిసి పనిచేస్తుంది, వేసవిలో విద్యార్థులు అక్కడ తవ్వకాలలో శిక్షణ పొందుతారు. మొదటి తరం కళాశాల విద్యార్థులకూ, అవకాశాలు తక్కువగా దొరికిన వర్గాల పిల్లలకూ తోడ్పడే డిసూజా-బ్రెంట్ కార్యక్రమం పేరు కూడా ఈ నేలదే. మథాయస్ డిసూజా 1642లో ఇక్కడి శాసనసభలో పాల్గొన్న ఆఫ్రికన్ సంతతి వాడు. మార్గరెట్ బ్రెంట్ 1648లో అదే సభలో తనకు ఓటు కావాలని అడిగిన స్త్రీ.

ఇక ఆటల విషయం. జట్ల పేరు సీహాక్స్. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు లేదు. అమెరికా కళాశాలల క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ సంఘంలో డివిజన్ త్రీకి చెందిన కళాశాల కాబట్టి ఆటలకు స్కాలర్‌షిప్ ఇవ్వకూడదన్నది నియమం. జట్టులో ఉన్న పిల్లలంతా ఆట మీద ఇష్టంతో ఉన్నవాళ్ళే. మా అబ్బాయి హైస్కూలులో టెన్నిస్ ఆడాడు, ఓ మోస్తరు ఆటగాడు. కాలేజ్ పార్క్ వంటి డివిజన్ వన్ విశ్వవిద్యాలయంలో అతనికి క్లబ్బు ఆటతో సరిపెట్టుకోవడమే గతి. ఇక్కడ మొదట రిజర్వులో కూర్చున్నా తరువాత డబుల్స్‌లో స్థిరపడి, కళాశాల చొక్కా తొడుక్కుని ఆడాడు. 2021లో కళాశాల యునైటెడ్ ఈస్ట్ కాన్ఫరెన్స్ అనే కళాశాల జట్ల కూటమికి మారింది. అంతకు ముందు సాల్స్‌బరీ, క్రిస్టఫర్ న్యూపోర్ట్ వంటి గట్టి జట్లతో ఏటా తలపడవలసి ఉండేది. ఇప్పుడు పెన్సిల్వేనియా వైపు బస్సు ప్రయాణాలు ఎక్కువ. పోటీ పదును తగ్గిందనే నా అభిప్రాయం, మా వాడు మాత్రం ఒప్పుకోడు. బస్సులో హెడ్‌ల్యాంపు పెట్టుకుని ఎకనోమెట్రిక్స్ లెక్కలు చేసుకున్న రాత్రుల గురించి మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట: ప్రయాణం ఉన్న వారం ముందుగా ప్రొఫెసర్‌తో మాట్లాడుకుంటే చదువు దెబ్బతినదు, మాట్లాడకపోతే దెబ్బతింటుంది.

సెయిలింగ్ కథ పూర్తిగా వేరు. ఆ ఆట ఎన్‌సీఏఏ పరిధిలోనిది కాదు, దానికి ఇంటర్‌కాలేజియేట్ సెయిలింగ్ అసోసియేషన్ అనే ప్రత్యేక సంఘం ఉంది; అందులో డివిజన్ల తేడా లేదు. అందువల్ల 1,600 మంది ఉన్న ఈ కళాశాల యేల్, స్టాన్‌ఫర్డ్, నేవల్ అకాడమీ జట్లతో సమానంగా బరిలోకి దిగుతుంది, జాతీయ ఛాంపియన్‌షిప్పులు పలుమార్లు గెలిచింది కూడా. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ విండ్‌సర్ఫింగ్‌లో రజతం గెలిచిన స్కాట్ స్టీల్ ఇక్కడ చదివినవాడే. నది క్లాసు గదుల కిందనే ఉండడం దీనికి ఒక ముఖ్య కారణం. మధ్యాహ్నం క్లాసు ముగించుకుని నడిచి వెళ్ళి పడవ దింపుకోవచ్చు. జట్టులో లేనివాళ్ళు కూడా కయాక్‌లు, చిన్న తెరచాప పడవలు తీసుకుని నదిలోకి వెళ్ళవచ్చు, అదనపు ఖర్చు ఉండదు. పిల్లలకు ఈత రాకపోతే చేరేలోగా నేర్పించండి.

చదువూ ఆటా ఒకే చోట ఎదురెదురు పడిన ఒక ఉదంతం చెప్పాలి. కొత్త స్టేడియం కట్టడానికి ఎంచుకున్న స్థలంలో 2016లో ముందస్తు తవ్వకాలు జరిపితే, పద్దెనిమిదవ శతాబ్దం నాటి బానిసల నివాసాల ఆనవాళ్ళు బయటపడ్డాయి. కళాశాల స్టేడియాన్ని పక్కకు జరిపి, ఆ చోట 2020లో స్మారకాన్ని ఆవిష్కరించింది. అది బానిసల గుడిసె ఆకారంలో, అద్దంలా మెరిసే ఉక్కు పలకలతో, చెక్కతో కట్టినది. ఆ పలకల మీద ఆనాటి పత్రాలలోని మాటలలోనుంచి ఏరి కూర్చిన కవిత్వం ఉంటుంది, చీకటి పడితే లోపలి దీపం వెలుగులో ఆ అక్షరాలు నేల మీద పడతాయి. అలా పక్కకు జరిపి కట్టిన జేమీ ఎల్. రాబర్ట్స్ స్టేడియంలో లాక్రాస్ (వలకర్రలతో బంతి ఆడే ఆట) చూడడానికి వచ్చిన తల్లిదండ్రులు దాని పక్కగానే నడిచి వెళ్ళాలి. స్టేడియం ఖర్చు మీద, జాప్యం మీద ఎవరి అభిప్రాయం ఎలా ఉన్నా, స్థలం మార్చడం సరైన నిర్ణయమే.

దూరం గురించి దాపరికం లేకుండా రాయాలి. వాషింగ్టన్‌కు సుమారు 70 మైళ్ళు. జర్మన్‌టౌన్, ఎలికాట్ సిటీ వైపు నుంచి వచ్చేవారికి ఇంకా ఎక్కువ. రూట్ 5 మీద వాల్డార్ఫ్ దాటాక ట్రాఫిక్ సన్నగిల్లి, షార్లెట్ హాల్ దగ్గర ఆమిష్ అనే సంప్రదాయ క్రైస్తవ వర్గం వారి గుర్రపు బగ్గీలు కనిపిస్తాయి. క్యాంపస్ చుట్టూ ఊరంటూ ఏమీ లేదు. కొనుగోళ్ళకు లెక్సింగ్టన్ పార్క్ గాని, కాలిఫోర్నియా అనే ఊరు గాని వెళ్ళాలి; మీ పిల్లవాడు సాయంత్రం కాలిఫోర్నియా వెళ్ళి వస్తానంటే కంగారు పడకండి, అది పక్క ఊరే. కారు లేని పిల్లలకు స్నేహితుల కారే దిక్కు. శాకాహారులకు డైనింగ్ హాలులో తిండి దొరుకుతుంది గాని, రోజూ అన్నం, పప్పు కావాలనుకునేవారు గోంగూర పచ్చడి సీసా, చిన్న కుక్కరు విషయంలో డార్ము నిబంధనలు ముందే చూసుకోవాలి. తెలుగు పిల్లలు వేళ్ళ మీద లెక్కించేంత మందే ఉంటారు. నదీతీరపు తేమకూ అలవాటు పడాలి. 2011లో, మా పిల్లల కాలానికి ముందు, రెండు డార్ములకు బూజు పట్టడంతో రెండు వందల మందికి పైగా విద్యార్థులను నదిలో లంగరు వేసిన ప్రయాణికుల ఓడలో ఉంచిన కథ క్యాంపస్‌లో ఇంకా చెప్పుకుంటారు.

ఉద్యోగాల మాటకొస్తే, పెద్ద కంపెనీలు వరుసగా వచ్చి క్యాంపస్‌లో ఎంపికలు జరుపుతాయని ఆశించకూడదు. దగ్గరలోనే పటక్సెంట్ రివర్ నావికాదళ విమాన స్థావరం, దాని చుట్టూ కాంట్రాక్టు సంస్థలు ఉన్నాయి. కంప్యూటర్ సైన్స్, గణితం, ఆర్థికశాస్త్రం చదివేవారికి అక్కడ ఇంటర్న్‌షిప్‌లు దొరుకుతాయి. అయితే వాటిలో చాలావాటికి అమెరికా పౌరసత్వం తప్పనిసరి కనుక హెచ్-4 (తల్లిదండ్రుల మీద ఆధారపడిన) వీసా మీద ఉన్న పిల్లలకు, గ్రీన్‌కార్డు మాత్రమే ఉన్నవారికి ఆ దారి చాలావరకు మూసుకుపోతుంది. మా అబ్బాయికి ఆ ఇంటర్న్‌షిప్పే తొలి ఉద్యోగానికి మెట్టయింది. అమ్మాయి ఇప్పుడు పరిశోధనలో ఉంది. ఆమెకు సీటు రావడానికి ఆ ఆల్చిప్పల ప్రాజెక్టూ, రెండేళ్ళ పాటు పక్కనుండి పని చూసిన ప్రొఫెసర్ ఉత్తరమూ కారణమని ఆమెను ఇంటర్వ్యూ చేసినవారే చెప్పారు.

కంప్యూటర్ సైన్స్ ఉన్నది కదా అని చేర్చేవారు ఒక విషయం గమనించాలి. చిన్న కళాశాలలన్నిటిలో లాగే ఇక్కడ కూడా విభాగానికి అధ్యాపకులు కొద్దిమందే కాబట్టి పైస్థాయి కోర్సులన్నీ ప్రతి సెమిస్టర్‌లో ఉండవు, ఒకరు సెలవు మీద వెళితే వారి విషయం ఆ ఏడాదికి లేనట్లే. క్యాంపస్ చూడడానికి వెళ్ళేవారు పూలు పూసే ఏప్రిల్‌లో కాక, నది మీది నుంచి చలిగాలి కొట్టే ఫిబ్రవరిలో ఒక శుక్రవారం వెళ్ళి, రాత్రికి పిల్లను అక్కడి విద్యార్థుల దగ్గర ఉంచి చూడండి. విభాగంలో అడిగి, రాబోయే రెండేళ్ళలో ఏ కోర్సు ఎప్పుడు నడుస్తుందో ఆ పట్టిక తెచ్చుకోండి. పిల్లకు కావలసిన కోర్సులు అందులో సగం కూడా లేకపోతే డిపాజిట్ కట్టకండి.