శ్రావణం పెళ్లిళ్ల వాళ్లూ, హౌస్‌బోటు ప్యాకేజీకి అడ్వాన్సు కట్టేముందు జాగ్రత్త

కోనసీమలో కొత్త జంటల కోసమంటూ హౌస్‌బోటు ప్యాకేజీలు అమ్మే ఏజెంట్లు ఇప్పుడు బాగా పెరిగారండీ. ఇన్‌స్టాలో వీడియోలు చూస్తే ఎవరికైనా మనసవుతుంది. మా తమ్ముడి పెళ్లికి అలాంటి ఒకాయన దగ్గరే బుక్ చేశాం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పడవంతా ఆ ఇద్దరికే, నది మీద తిప్పుతాం, కోనసీమ భోజనం పెడతాం అన్నాడు. 14,000కి మాట కుదిరింది. 10,000 ముందే ఫోన్‌పే చేయించుకున్నాడు. తీరా పిల్లలిద్దరికీ దక్కింది గట్టుకి కట్టేసిన పడవ. ఆ రోజు పడవ కదలదని ఆయనకి ముందే తెలుసు. తెలిసీ చెప్పలేదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

మా వైపు పెళ్లంటే ముహూర్తంతో అయిపోదు కదా. గృహప్రవేశం, సత్యనారాయణ వ్రతం, మూడు నిద్రలు, మనుగుడుపులు, మధ్యలో ఊళ్లో వాళ్ల భోజనాల పిలుపులు. అన్నవరం నుంచి వస్తుంటే మా మరదలు కార్లో కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది. ఇద్దరివీ హైదరాబాద్‌లో ఉద్యోగాలు, సెలవులో ఇక మిగిలింది ఒక్క రోజు. ఆ ఒక్క రోజన్నా చుట్టాలూ ఫొటోలవాళ్లూ లేకుండా హాయిగా గడపనిద్దాం అనుకున్నాం. ఇలాంటి రోజు పాడైతే తర్వాత డబ్బు వెనక్కొచ్చినా రోజు మాత్రం వెనక్కి రాదు. ఏజెంట్ల ధైర్యం కూడా అదే, కొత్త జంట గొడవ పడదని.

దింపడానికి నేనూ మా ఆయనా రేవు దాకా వెళ్లాం. వశిష్ఠ గోదావరి నిండా ఎర్రనీళ్లు. పడవని మోకులతో చెట్టుకి బిగించి కట్టారు. పడవ నడిపే సరంగు పెద్దాయన, మంచివాడు, ఉన్న మాట చెప్పేశాడు. "వరదమ్మా, పడవలు తిప్పొద్దని నిన్న పొద్దున్నే చెప్పారు. మీ ఏజెంటుక్కూడా చెప్పాం." ఆ ముందు రాత్రి అదే ఏజెంటు మాకు పెట్టిన మెసేజ్ ఏమిటంటే, అంతా రెడీ, మిగతా 4,000 చేతిలో పెట్టుకుని రండి అని.

లోపలి గది చూస్తే కడుపు తరుక్కుపోయింది. పరుపు చెమ్మ వాసన. దిండు పక్కకి జరిపితే ఎవరో జడలోంచి తీసి పడేసిన మల్లెదండ, వాడి గోధుమ రంగుకి తిరిగిపోయి ఉంది. ఏసీ జనరేటరు వేసినంతసేపే, డీజిలు ఖర్చు వేరే ఇవ్వాలట. సెలవు ఇంకో రోజు లేదు కాబట్టి పిల్లలు సరేనని ఉండిపోయారు. మధ్యాహ్నం ఇంకో రెండు కుటుంబాలు పడవెక్కాయి. ఇదేమిటని మా తమ్ముడు ఏజెంటుకి ఫోన్ చేస్తే, "పైన డెక్కే కదండీ వాళ్లకిచ్చింది, గది మీదే" అన్నాడట. రొయ్యల ఇగురు, పనసపొట్టు కూర అని చెప్పిన భోజనం ప్లాస్టిక్ డబ్బాల్లో చల్లారిన బిర్యానీ అయింది. ఇంటికొచ్చాక మా మరదలు "ఫర్వాలేదు వదినా" అంది గానీ, ఆ ముఖం చూస్తే నాకు చాలా బాధేసింది.

ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి. వరదలో పడవలు ఆపడం నూటికి నూరుపాళ్లు సరైన పని. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పాపికొండల పడవ మునిగిన సంగతి గోదావరి జిల్లాల్లో ఎవరూ మర్చిపోలేదు. నా గొడవ పడవ ఆపినందుకు కాదు, ఆపారని దాచినందుకు. పైగా గోదావరి వరద చెప్పాపెట్టకుండా వచ్చేది కాదు. ముందు భద్రాచలంలో పెరుగుతుంది, అక్కడ 43 అడుగులకి మొదటి హెచ్చరిక. ఆ నీళ్లు ధవళేశ్వరం చేరాక, బ్యారేజీ దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులు ఉంటే ఇక్కడ మొదటి హెచ్చరిక. రెండోది 13 లక్షలకి, మూడోది 17 లక్షలకి. టీవీ కింద స్క్రోలింగులో రోజంతా తిరిగే లెక్కలే ఇవి. నది మీద వ్యాపారం చేసేవాడికి తెలియవంటే నమ్మకండి.

ఆషాఢం వెళ్లి శ్రావణం రాగానే ముహూర్తాలు మొదలవుతాయి, వరద కాలమూ అదే. కాబట్టి అడ్వాన్సు పంపేముందు వాట్సాప్‌లోనే రాయించుకోండి: వరద వల్ల పడవ కదలకపోతే డబ్బు పూర్తిగా వాపసా, లేక తేదీ మారుస్తారా? తేదీ మార్పు ఒక్కటే అంటే, సెలవు అయిపోయే జంటకి అది సున్నా. "ప్రైవేటు" అంటే పడవంతా మనకేనా, గది ఒక్కటేనా అని కూడా రాతలోనే అడగండి. పడవ పేరు, సరంగు నంబరు తీసుకుని ముందు రోజు సాయంత్రం నేరుగా ఆయనకే ఫోన్ చేయండి. మాకు ఆ నంబరు అడిగినా ఇవ్వలేదు. లైఫ్‌జాకెట్లు ఎక్కగానే చేతికివ్వాలి. మేం చూసినప్పుడు అవి తాళం వేసిన పెట్టెలో ఉన్నాయి. నన్నడిగితే ఆగస్టు, సెప్టెంబరుల్లో అసలు నది మీద ప్యాకేజీ జోలికే పోవద్దు. కొబ్బరితోటలో ఒక శుభ్రమైన గది తీసుకుని, ఫోన్లు ఆపేసి కడుపునిండా నిద్రపోనిస్తే చాలు ఆ పిల్లలకి.

డబ్బు సంగతి. ఏజెంటు మొదట "నది నా చేతిలో ఉందా" అని వాదించాడు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టి, ఆ ఫిర్యాదు నంబరు ఆయనకి పంపాక 5,000 వెనక్కి వేశాడు. మిగతా దానికి జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తున్నాం. మీరు ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, జరిగిన రెండేళ్లలోపు వేయాలి. మనం కట్టిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే ఫీజు కూడా లేదు. ఇలాగే మోసపోయినవాళ్లుంటే ఏజెంటు మెసేజులు, ఫోన్‌పే రసీదు, కట్టేసిన పడవ ఫొటో చెరిపేయకండి. తేదీతో సహా ఉంచుకోండి, అక్కడ అడిగేవి అవే.