మాల్టీస్ ఫాల్కన్: పుస్తకం మేలా, సినిమా మేలా?

డాషియల్ హామెట్ రాసిన ‘ది మాల్టీస్ ఫాల్కన్’ 1930లో పుస్తకంగా వచ్చింది. వార్నర్ బ్రదర్స్ సంస్థ దాన్ని 1931, 1936, 1941 సంవత్సరాల్లో మూడుసార్లు తెరకెక్కించింది. నవల పక్కన నిలబెట్టదగినది మూడోదే. దర్శకుడిగా జాన్ హ్యూస్టన్‌కు అది తొలి చిత్రం. సంభాషణల్లో చాలా భాగం హామెట్ రాసినవే కాబట్టి సినిమా చూస్తే నవల చదివినట్టేనని కొందరంటారు. ఆ మాట నేను ఒప్పుకోలేను.

అంత యథాతథంగా తీయగలగడానికి వీలు కల్పించింది నవలే. డిటెక్టివ్ సామ్ స్పేడ్ మనసులో ఏముందో హామెట్ చెప్పడు. కంటికి కనబడేదీ చెవికి వినబడేదీ మాత్రమే రాస్తాడు. భాగస్వామి ఆర్చర్ హత్యకు గురయ్యాడని అర్ధరాత్రి ఫోన్‌లో తెలిశాక, స్పేడ్ కాగితంలో పొగాకు పోసి, సమంగా సర్ది, చుట్టి, అంచును నాలుకతో తడిపి సిగరెట్ చేసుకోవడాన్ని తీరిగ్గా వర్ణిస్తాడే తప్ప, అతనికి బాధ కలిగిందో లేదో అనడు. ఇదే ఘట్టంలో హ్యూస్టన్ కెమెరాను ఫోన్ దగ్గర, గాలికి ఊగే కిటికీ తెరల దగ్గర నిలిపి, స్పేడ్ గొంతు మాత్రమే వినిపిస్తాడు. ఇక్కడ ఇద్దరూ ఉద్దండులే.

నటుల విషయంలో సినిమాదే పైచేయి. నవలలోని స్పేడ్ బంగారు రంగు జుట్టున్న ఆరడుగుల మనిషి. హంఫ్రీ బోగార్ట్‌కు ఆ పోలికలేవీ లేవు, అయినా అతన్ని చూశాక ఆ పాత్రలో మరొకరిని ఊహించుకోలేము. కథకు పేరిచ్చిన పక్షి బొమ్మ కోసం వెంటపడే గట్‌మన్‌గా వేసిన సిడ్నీ గ్రీన్‌స్ట్రీట్ అరవై దాటాక మొదటిసారి కెమెరా ముందుకు వచ్చాడంటే నమ్మబుద్ధి కాదు.

అయితే సినిమా వదిలేసిన రెండు చోట్లే నా తీర్పును నవల వైపు మొగ్గేలా చేశాయి. మొదటిది ఫ్లిట్‌క్రాఫ్ట్ కథ. టకోమా ఊళ్లో మధ్యాహ్నం భోజనానికి బయలుదేరిన ఒక గృహస్థు పక్కనే, కడుతున్న భవనం మీది నుంచి దూలం పడుతుంది. పగిలిన కాలిబాట ముక్క చెంపకు తగిలి గీరుకుంటుంది, అంతే. బతుకు ఇంత గాలివాటమా అనిపించి, అతను భార్యాబిడ్డలను వదిలి మాయమవుతాడు. కొన్నేళ్లకు స్పోకేన్‌లో మరో పేరుతో, మరో భార్యతో, అచ్చం పాత సంసారాన్నే సాగిస్తూ దొరుకుతాడు. దీన్ని స్పేడ్, తన సాయం కోరి వచ్చి తన మనసు దోచిన బ్రిజిడ్‌కు చెబుతాడు, ఆమె పట్టించుకోదు. కథ ముందుకు నడవడానికి ఇది అక్కర్లేదు, కానీ స్పేడ్ లోకాన్ని ఎలా చూస్తాడో తెలిసేది ఇక్కడే.

రెండోది ముగింపు. (హంతకురాలెవరో బయటపెట్టక తప్పడం లేదు, మన్నించాలి.) ఆర్చర్‌ను చంపింది బ్రిజిడేనని తేలాక స్పేడ్ ఆమెను పోలీసులకు పట్టిస్తాడు. సినిమాలో లిఫ్టు కటకటాల నీడ బ్రిజిడ్ ముఖం మీద పడుతుంది, స్పేడ్ పక్షి బొమ్మను పట్టుకుని మెట్లు దిగుతాడు; అది చూసి ప్రేమను చంపుకున్న వీరుడని మనం అతనికి జేజేలు కొడతాం. నవల అక్కడ ఆగదు. సోమవారం ఉదయం ఆఫీసులో సెక్రటరీ ఎఫీ, అతను చేసింది సరైనదేనని ఒప్పుకుంటూనే, తనను తాకవద్దని వెనక్కి జరుగుతుంది. అంతలో ఆర్చర్ భార్య ఐవా వస్తుంది. భర్త బతికుండగానే ఆమె స్పేడ్‌తో సంబంధం పెట్టుకున్న మనిషి. ఆమె వచ్చిందని ఎఫీ చెప్పగానే స్పేడ్ ఒక్కసారి వణికి, లోపలికి పంపమంటాడు.