కోపర్నికస్ బ్రౌజర్: హుస్సేన్ సాగర్ చెత్తను పట్టిస్తుందా?

నీటిపై తేలే చెత్తను పైసా ఖర్చు లేకుండా ఉపగ్రహ చిత్రాల్లో వెతకాలనుకునేవాళ్లు ముందుగా చూడాల్సింది ఐరోపా వాళ్ల కోపర్నికస్ బ్రౌజర్. ఉచిత ఖాతా తెరిచి, హుస్సేన్ సాగర్ చుట్టూ గీత గీసి, తేదీ ఎంచుకుంటే సెంటినెల్-2 అనే ఐరోపా ఉపగ్రహాల చిత్రం తెరపైకి వస్తుంది. ఐదు రోజులకో కొత్త చిత్రం.

దీని అసలు బలం కస్టమ్ స్క్రిప్ట్, అంటే చిత్రంపై మనమే రాసి నడిపే లెక్క. 2020లో వచ్చిన ఫ్లోటింగ్ డెబ్రిస్ ఇండెక్స్‌ను (ఎఫ్‌డీఐ, తేలే చెత్తను చూపే సూచిక) ఒక్క వరుసలో రాసుకోవచ్చు: బి8 − (బి6 + (బి11 − బి6) × 1.77). ఈ బి-అంకెలు ఉపగ్రహం విడివిడిగా కొలిచే కాంతి బ్యాండ్లు. శుభ్రమైన నీరు పరారుణ కాంతిని పీల్చేస్తుంది కాబట్టి పైన తేలేదంతా వెలుగుతుంది. మన చెరువుల్లో గుర్రపుడెక్క కూడా అలాగే వెలుగుతుంది! పక్కనే మొక్కల పచ్చదనాన్ని చూపే ఎన్‌డీవీఐ సూచిక పెట్టి చూడండి. ఎఫ్‌డీఐ ఎక్కువగా, ఎన్‌డీవీఐ తక్కువగా ఉన్నచోటే ప్లాస్టిక్‌ను అనుమానించాలి. అప్పుడు కూడా ఎండిన గుర్రపుడెక్క, నురగ మోసం చేస్తాయి.

రెడీమేడ్ మోడళ్లను నమ్మకండి. మెషీన్ లెర్నింగ్‌కు ఎక్కువగా వాడే, ఏ పిక్సెల్‌లో ఏముందో గుర్తులు పెట్టిన మరీడా డేటాసెట్ సముద్రాలది. దాని 15 తరగతుల్లో సర్గాసం నాచు ఉంది, గుర్రపుడెక్క లేదు. మన చెరువుకు మనమే లేబుళ్లు (ఏది చెత్త, ఏది గుర్రపుడెక్క అనే గుర్తులు) పెట్టి, రాండమ్ ఫారెస్ట్ అనే మెషీన్ లెర్నింగ్ పద్ధతికి నేర్పించుకోవాలి. నేర్పిన తేదీల చిత్రాలతోనే పరీక్షిస్తే మార్కులు ఉత్తుత్తివే, పరీక్షకు వేరే తేదీలు పక్కన పెట్టండి.

అన్నిటికన్నా పెద్ద లోపం పిక్సెల్ సైజు. బి8 10 మీటర్లదైనా బి6, బి11 20 మీటర్లవి, అంటే 400 చదరపు మీటర్లకు ఒకే సగటు. కూకట్‌పల్లి నాలా కలిసేచోట చెత్త గట్టునానుకునే పేరుకుంటుంది. ఆ పిక్సెళ్లలో మట్టి, సిమెంటు కలిసిపోతాయి. ఒడ్డు వెంట 20 మీటర్లు కత్తిరిస్తే లెక్క శుభ్రపడుతుంది కానీ మనం వెతికే చెత్త కూడా దాంతోపాటే పోతుంది. ఇస్రో వాళ్ల ఎన్‌ఆర్‌ఎస్‌సీ నడిపే భూనిధి వెబ్‌సైట్‌లోని లిస్-4 కెమెరా చిత్రాలు 5.8 మీటర్లవే అయినా వాటిలో బి11 లాంటి బ్యాండ్ లేదు, ఈ ఇండెక్స్ కుదరదు.

వానాకాలంలో మబ్బులు, ఎండాకాలంలో నీటిపై సూర్యుడి మెరుపు. మేఘాల ఫిల్టర్ మొత్తం చిత్రానికి లెక్క కడుతుంది, చెరువు మీద మబ్బుందో లేదో కళ్లతోనే చూసుకోవాలి.

రోజువారీ చెత్త లెక్కకు ఇది పనికిరాదు. అక్టోబరు తర్వాత తేలే గుంపులు ఏ వైపు కదులుతున్నాయో చూడటానికి మాత్రం భేషుగ్గా ఉంటుంది. ఉపగ్రహం దాటేది ఉదయం పదిన్నర, పదకొండు మధ్య. అదే వేళకు ఒడ్డు నుంచి జీపీఎస్‌తో ఫొటోలు తీసి పెట్టుకుంటే లేబుళ్లకు అంతకన్నా మంచి ఆధారం దొరకదు.