నాసిక్ ద్రాక్షతోటల్లో రెండు రోజులు

సికింద్రాబాద్ నుంచి దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో వెళితే నాసిక్ రోడ్ స్టేషన్‌లో ఇంకా చీకటి ఉండగానే దిగవలసి వస్తుంది కాబట్టి, ముందు రాత్రికి కూడా గది మాట్లాడుకుని ఉంచడం మేలు. మేము ఆ పని చేయకపోవడం వల్ల ఉదయం వరకు స్టేషన్‌లోనే కూర్చున్నాము. ఫిబ్రవరి నెల కావడంతో చలి బాగానే ఉంది. నాతో అన్నయ్య, వదిన వచ్చారు. వదిన మద్యం ముట్టదు. అయినా తోట, వైన్ తయారీ చూడడంలో మా ముగ్గురిలో ఎక్కువ ఆసక్తి కనబరచినది ఆమే.

హైదరాబాద్ చుట్టుపక్కల ఒకప్పుడు అనాబ్-ఎ-షాహి రకం ద్రాక్ష పందిళ్లు చూసినవారికి నాసిక్ తోటలు కొత్తగా కనిపిస్తాయి. ఇక్కడ వైన్ ద్రాక్షకు తలపైన పందిరి లేదు. తీగలు తీగెకంచె మీద నిలువుగా, వరుసలుగా పాకి ఉంటాయి. చలిదేశాల్లో శీతాకాలమంతా నిద్రపోయే ఈ మొక్కకు మన వాతావరణంలో ఆ విశ్రాంతి దొరకదు. అందుకని ఏడాదికి రెండుసార్లు, వేసవిలో ఒకసారి, వానలు వెనుకపట్టాక మరోసారి కొమ్మలు కత్తిరిస్తారు. రెండవ కత్తిరింపు తరువాత వచ్చిన కాపు జనవరి నుంచి మార్చి వరకు కోతకు వస్తుంది. అందువల్ల ఈ యాత్రకు ఆ నెలలే తగినవి. వానాకాలంలో కొండలు పచ్చగా ఉన్నా, తీగలపై గుత్తులు కనిపించవు.

మొదట సులా అనే వైన్ తోటకు వెళ్లాము. అమెరికా నుంచి తిరిగివచ్చిన రాజీవ్ సామంత్ 1990ల చివర ఇక్కడ తమ కుటుంబ భూమిలో వైన్ ద్రాక్ష నాటారు. 2000లో తొలి వైన్ మార్కెట్లోకి వచ్చింది. అప్పటిదాకా ఈ జిల్లాకు పేరు తినే ద్రాక్షతోనే. పెద్ద ఉక్కు ట్యాంకుల దగ్గర, తెల్ల వైన్‌ను చల్లగా పులియబెట్టడం, ఎర్రదానిని తొక్కలతోపాటు పులియబెట్టి రంగునూ వగరునూ రాబట్టడం శ్రద్ధగా వివరించారు. అయితే ఆదివారం కావడంతో గుంపు ఎక్కువై, రుచి చూసేచోట ఒక్కొక్క గ్లాసు గురించి నిలబడి ఆలోచించే వ్యవధి దొరకలేదు. అక్కడికి వారం మధ్యలో, ఉదయమే వెళ్లాలని నా అభిప్రాయం.

మరునాడు అక్కడికి దగ్గరలోనే ఉన్న మరో వైన్ తోట యార్క్‌లో మాకు దక్కినది ఆ వ్యవధే. వైన్ పోసిన యువకుడు ప్రతి గ్లాసుకూ ముందు వాసన చూడమని, తరువాత నోట్లో కాసేపు నిలుపుకోమని చెప్పి, మా మాట కోసం ఆగాడు. షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్‌లో పచ్చి జామకాయను తలపించే పులుపు ఉందని నేను అంటే, అన్నయ్యకు పండు బొప్పాయి తోచింది. షిరాజ్ అనే ఎర్ర వైన్ మాత్రం ఇద్దరికీ నచ్చింది: మిరియాల ఘాటు, నాలుక అంచున వగరు. ఎదుట గంగాపూర్ జలాశయం. త్ర్యంబకేశ్వరం దగ్గర పుట్టి, మన రాజమహేంద్రవరం దాకా వచ్చే గోదావరి ఇక్కడ ఇంకా చిన్నపిల్ల అని వదిన అన్నది. ఆ మాటతో కొంతసేపు గ్లాసులు పక్కనపెట్టి నీటినే చూస్తూ కూర్చున్నాము.

అన్నిచోట్లా ఇంత శ్రద్ధ లేదు. పేరు చెప్పను గానీ, ఒక తోటలో ఎండ తగిలేచోట ఉంచిన సీసాలోంచి ఎర్ర వైన్ వెచ్చగా పోశారు. అటువంటప్పుడు సారాయి ఘాటు తప్ప పండు రుచి తెలియదు. కాస్త చల్లబరచి ఇమ్మని అడిగితే మార్చి ఇచ్చారు. అడగడానికి మొహమాటపడకూడదు.

బస విషయానికి వస్తే, తోటల్లోని గదులు అందమైనవే గానీ వారాంతంలో ధర బాగా పెరుగుతుంది. మేము గంగాపూర్ రోడ్డులో ఒక సామాన్యమైన హోటల్‌లో దిగి, రోజంతటికీ డ్రైవరుతో సహా కారు మాట్లాడుకున్నాము. వైన్ తాగి బండి నడపకూడదు. పైగా చీకటి పడ్డాక తోటల దగ్గర తిరుగు బండి దొరకడం కష్టం. మొదటి సాయంత్రం ఒక్కదానికి డ్రైవరును ముందే పంపివేసి, దాదాపు గంటసేపు గేటు దగ్గర నిలబడ్డాము. మరునాడు మాత్రం అతడిని భోజనానికి కూడా మాతోనే ఉంచుకున్నాము.